గ్లాసు నీటిలో వేపథువు: తెరపై రాక్షసబల్లుల ప్రాణప్రతిష్ఠ

రాజమహేంద్రవరానికి ఎగువన, ప్రాణహిత–గోదావరి లోయలోని కోట శిలాశ్రేణిలో లభించిన కోటసారస్ అస్థిపంజరం హైదరాబాదు బిర్లా విజ్ఞాన ప్రదర్శనశాలలో నిలిచి ఉంది. అది ఒకనాడు నిజంగా జీవించిన రాక్షసబల్లి. అయినా దానిని చూసి ఎవరూ భయపడరు. ‘జురాసిక్ పార్క్’ (1993)లోని టైరనోసారస్ యంత్రమూ కంప్యూటరు చిత్రమూ కలిసిన కల్పన. దానికి ప్రేక్షకుడు ఉలిక్కిపడతాడు. గ్రాఫిక్స్ బాగున్నాయన్న తీర్పుతో ఆగిపోయే మన సమీక్షలు ఈ వ్యత్యాసాన్ని వివరించలేవు.

రసపరిభాషలో ఆ జంతువు భయానకానికి ఆలంబన విభావం. దానికి ప్రాణం పోసేది ఎదుటివారి అనుభావం. రెండు గంటలు దాటిన ఆ చిత్రంలో రాక్షసబల్లులు కనిపించేది సుమారు పావుగంట. టైరనోసారస్ రాకను ముందుగా తెలిపేవి కారులోని గ్లాసు నీటిలో పుట్టే వలయాలు. భరతుడు సాత్త్వికభావాలలో చెప్పిన వేపథువు ఇక్కడ జడపదార్థానికి సంక్రమించింది. విశేషమేమంటే, ఆ వలయాలు కంప్యూటరులో గీసినవి కావు. అడుగున బిగించిన గిటారు తీగను మీటి పుట్టించినవి.

రాజమౌళి ‘ఈగ’ (2012) దీనికి విలోమం. బరువులేని ఆ ప్రాణి నేలను కంపింపజేయలేదు. ముఖంలో భావం పలికించే వీలూ తక్కువే. కనుక మకుట సంస్థ కళాకారులు కాళ్ల కదలికలతో దానికి ఆంగికాభినయం కల్పించారు. అయినా ఈగ అక్కడ ఉన్నదని నమ్మించినవి, ఎదుట ఏమీ లేకుండానే దానిని వెంటాడిన సుదీప్ కళ్లు. ఆ చిత్రానికి లభించిన స్పెషల్ ఎఫెక్ట్స్ జాతీయ పురస్కారంలో ఆయనకూ భాగం ఉన్నదని నా అభిప్రాయం.