బావి గోడ మీది హంసపది

పాత రాతికట్టు బావిలోకి తొంగిచూసినవాళ్లందరికీ ఈ మొక్క పరిచయమే. నీళ్లకు కాస్త పైన, రాళ్ల సందుల్లోంచి వేలాడే రెమ్మలు. గుర్రపు వెంట్రుకలా నల్లగా నిగనిగలాడే కాడలు, వాటికి అటూ ఇటూ అర్ధచంద్రాకారపు చిట్టి ఆకులు. ఆయుర్వేదంలో హంసపది అనే మొక్కల్లో ఇదొకటి. వృక్షశాస్త్రంలో అడియాంటం ఫిలిప్పెన్స్. అడియాంటం అనే గ్రీకు మాటకు తడవనిది అని అర్థం. ఆకు మీద నీళ్లు చిలకరించి చూడండి, పూసల్లా జారిపోతాయి.

నర్సరీలో బోస్టన్ ఫెర్న్ కొని, మే నెల వడగాడ్పులకు పోగొట్టుకున్న ఇళ్లు ఎన్నో చూశాను. హంసపది అలా కాదు. తూర్పు కనుమల సెలయేటి గట్ల మీద పుట్టి పెరిగిన ఈ ఫెర్న్‌కు మన ఎండాకాలం కొత్త కాదు. ఎండలు ముదిరేసరికి రెమ్మలన్నీ ఎండి రాలిపోతాయి. మట్టిలో కాండం మాత్రం బతికే ఉంటుంది. ఈ సంగతి తెలియక నా మొదటి కుండీని చచ్చిందనుకుని గుమ్మరించేశాను. ఆ బాధ ఇప్పటికీ ఉంది. రెండో కుండీని మామిడిచెట్టు నీడకు చేర్చి, మట్టి పూర్తిగా ఎండిపోకుండా అప్పుడప్పుడూ తడిపాను. మృగశిర కార్తె వానలు పడ్డాక, చుట్టచుట్టుకున్న మొలకలు మట్టిని తోసుకుని పైకొచ్చాయి.

దీన్ని పెంచేవాళ్లు బావి గోడను గుర్తుపెట్టుకుంటే చాలు. ఆ రాయి ఎప్పుడూ చెమ్మగా ఉంటుంది, కానీ నీళ్లలో నానదు. అందుకే కుండీ అడుగున పెంకు ముక్కలు వేయాలి. రెండు పాళ్లు చివికిన ఆకుమట్టి, ఒక పాలు ఎర్రమట్టి, ఒక పాలు ముతక ఇసుక, గుప్పెడు బొగ్గు పొడి కలపాలి. కాండాన్ని లోతుగా పాతకూడదు. నేరుగా ఎండ పడకూడదు గాని, పుస్తకం చదువుకునేంత వెలుతురు ఉండాలి. యూరియా వద్దే వద్దు.

దీనికి పువ్వూ లేదు, విత్తనమూ లేదు. ముదురు ఆకును తిరగేస్తే అంచు లోపలికి మడిచినట్టు ఉంటుంది. ఆ మడత కిందే సిద్ధబీజాలుంటాయి. రెమ్మను కాగితంలో మడిచి రెండు రోజులుంచితే సన్నని పొడి రాలుతుంది. ఇటుక మీద మరుగుతున్న నీళ్లు పోసి, చల్లారాక నీళ్ల పళ్లెంలో నిలబెట్టి, ఆ పొడి చల్లి, గాజు సీసా బోర్లించండి. కొన్ని వారాలకు ఇటుక పచ్చబడుతుంది. దగ్గరగా చూస్తే ఆ పచ్చదనమంతా హృదయాకారపు చిన్న చిన్న పొలుసులు. వాటి మీద నీటి పొర ఉంటేనే పురుషకణాలు ఈదుకుంటూ అండాన్ని చేరతాయి. ఆ తర్వాతే అసలు మొక్క మొలుస్తుంది. తరాలు మారే ఈ తీరును జర్మన్ శాస్త్రవేత్త హోఫ్‌మైస్టర్ 1851లో వివరించాడు. మన వంటింటి కిటికీలోనే ఇదంతా కళ్లారా చూడవచ్చు. నెలలు పడుతుంది, ఓపిక కావాలి.

కొన్ని రెమ్మల కొస నేలను తాకిన చోట వేళ్లు పుడతాయి. వానాకాలంలో అలాంటి పిలకను వేరుచేసి పక్కింటివాళ్లకు ఇవ్వవచ్చు.

అడవిలో మొక్కను మాత్రం పెకలించకండి. బోర్లు వచ్చాక ఊరూరా బావులు పూడుతున్నాయి, వాటితోపాటు ఈ మొక్క ఇల్లూ పోతోంది. మీ ఊళ్లో పాత బావి మిగిలి ఉంటే, దాన్ని పూడ్చకముందే ఒక ముదురు రెమ్మను కాగితంలో మడిచి ఇంటికి తెచ్చుకోండి.