ఒక్క మీటుకి ఎన్ని స్వరాలు

తాండూరులో బండల పాలిషింగ్ యూనిట్ల పక్కన ఇల్లుంటే పాట వినడానికి వీలు దొరికేది కరెంటు పోయినప్పుడే. మిషన్లు ఆగుతాయి, ఫోన్లో చార్జింగ్ ఉంటే చాలు. అలాంటప్పుడు నేను పెట్టుకునేది 'రిమెంబర్ శక్తి' వాళ్ల 'సాటర్‌డే నైట్ ఇన్ బాంబే'. అది 2001 నాటి ఆల్బమ్.

జాజ్-రాక్ అంటే చెవులు దిమ్మెక్కే మోత అనుకుంటాం. 1970లలో నిజంగానే అదో హోరు. డెన్మార్క్‌లో 'సీక్రెట్ ఆయిస్టర్' అనే గట్టి బృందం 1973 నుంచి 1976 దాకా నాలుగు ఆల్బమ్‌లు చేసింది. కార్స్టెన్ వోగెల్ శాక్సఫోన్ అంత పదునుగా ఉన్నా ఆ బృందం పేరు విన్నవాళ్లు తక్కువే. ఈ హోరుకి పెద్దన్న లాంటి జాన్ మెక్లాఫ్లిన్ మాత్రం 'మహావిష్ణు ఆర్కెస్ట్రా' వదిలి, జాకీర్ హుసేన్, ఎల్.శంకర్‌లతో 'శక్తి' కట్టి, కరెంటు అక్కర్లేని గిటార్ పట్టారు.

ఇంచుమించు అప్పుడే పాలకొల్లులో ఉప్పలపు శ్రీనివాస్ అనే చిన్నపిల్లాడు నాన్న మాండలిన్ అందుకున్నాడు. గురువు రుద్రరాజు సుబ్బరాజు గారికి మాండలిన్ రాదు. ఆయన పాడేవారు, వీడు వాయించేవాడు. 1978లో గుడివాడలో తొలి కచేరీ.

మామూలు మాండలిన్‌కి తీగలు జంటలుగా ఉంటాయి. మీటగానే 'టింగ్' అని నాదం తెగిపోతుంది. తోడి రాగంలో గాంధారం ఊగాలంటే నాదం నిలవాలి, తీగ వేలికి లొంగాలి. శ్రీనివాస్ జంటలు తీసేసి, ఐదు ఒంటి తీగల ఎలక్ట్రిక్ మాండలిన్ పట్టారు. రాక్ వాళ్లు మోతకి వాడుకున్న కరెంటు ఈయన చేతిలో గమకానికి పనికొచ్చింది. ఆ మాండలిన్ పక్కనే, 'శక్తి'కి కొనసాగింపైన 'రిమెంబర్ శక్తి'లో, మెక్లాఫ్లిన్ మళ్లీ ఎలక్ట్రిక్ గిటార్ పట్టుకుని కూర్చున్నారు!

ఈ రికార్డులను ఫ్యూజన్ అని పక్కన పెట్టే సంగీతాభిమానులు మనలో ఉన్నారు. నాకది అన్యాయం అనిపిస్తుంది. వాటిలో శ్రీనివాస్ వాయించింది సభలో వాయించే పద్ధతిలోనే. 2014లో, నలభై అయిదేళ్లకే పోయారు.

గిటార్ నేర్చుకుంటున్న మా మేనల్లుడికి ఎప్పుడూ స్పీడు గోలే. మొన్న శ్రీనివాస్ జారుడు ఒకదాని దగ్గర ఆపి, వెనక్కి జరిపి రెండుసార్లు వినిపించాను.

"మామా, గీడ ఒక్కసారే మీటిండా?" అన్నాడు.