పంటి వాంగ్మూలం

తాండూరు మీదుగా వాడి–సికింద్రాబాద్ రైలు 1874లో మొదలైంది. అంతకుముందు ఈ దారిన పోయేవాళ్లు కాలినడకనో, ఎడ్లబండ్ల మీదో గుంపులు కట్టుకుని పోవాల్సిందే. దక్కను బాటల్లో అలా బయల్దేరి ఇల్లు చేరని వాళ్లు ఎంతమందో లెక్కలేదు. తోడొస్తామని కలిసి, నమ్మించి, గొంతుకు ఉచ్చు బిగించి, గుంట తీసి పూడ్చేసే ముఠాలను ఉత్తరాదిన థగ్గులన్నారు. మద్రాసు వైద్యుడు రిచర్డ్ షెర్‌వుడ్ 1816 నాటి వ్యాసంలో వాళ్ల తెలుగు పేరూ రాసిపెట్టాడు: ఉర్లు వేసేవాండ్లు.

థగ్గుల కేసులు మూసేశారు గానీ, తేలాయా అంటే చెప్పడం కష్టం. 1830లలో ఈస్టిండియా కంపెనీ అధికారి స్లీమన్ నడిపిన విచారణంతా అప్రూవర్ల నోటిమాట మీదే నిలిచింది. ప్రాణభిక్ష కోసం ఒకడు ఇంకో పదిమంది పేర్లు చెప్పాడు. 1836 చట్టం ప్రకారం థగ్గుల ముఠాలో ఉన్నాడని రుజువైతే చాలు, యావజ్జీవ శిక్షే. నిజాం సేనలో పనిచేసిన మెడోస్ టేలర్ 1839లో ఒక థగ్గు ఒప్పుకోలును నవలగా రాస్తే ఇంగ్లండంతా చదివింది. చంపింది ఎందరిని, కంపెనీ దొరలు పెంచి చెప్పింది ఎంత అన్న తగువు చరిత్రకారుల మధ్య ఇప్పటికీ ఉంది.

నోటిమాటను ఇప్పుడు సరిచూడాలంటే దారి ఒకటే, ఎముక. అందులోనూ పన్ను. ఒంట్లో పంటి పైపొర పింగాణీ (ఎనామిల్) కన్నా గట్టి పదార్థం లేదు. దాని చాటున దంతధాతువులో డీఎన్ఏ దాగి ఉంటుంది. ల్యాబులో ముందు పంటి పైపొర మీద మన చేతుల మురికి లేకుండా కడుగుతారు. సన్నటి డ్రిల్లుతో లోపలి భాగాన్ని పొడి చేసి, అందులోని కాల్షియాన్ని కరిగించి, మిగిలిన డీఎన్ఏ ముక్కల్ని ఏరతారు. తల్లి నుంచి బిడ్డకు వచ్చే మైటోకాండ్రియా డీఎన్ఏ ఒక్కో కణంలో వందల ప్రతులు ఉంటుంది కాబట్టి, పాత ఎముకల్లో దొరికే అవకాశం ఎక్కువ.

రెండో ఆధారం తిండి. జొన్న, వరి మొక్కలు గాలిలోని కార్బన్‌ను వేర్వేరు పద్ధతుల్లో పట్టుకుంటాయి. జొన్నరొట్టె తిని పెరిగిన పిల్ల పంట్లో ఒక గుర్తు, వరన్నం తిన్న పిల్ల పంట్లో మరో గుర్తు. తాగిన నీళ్ల జాడ ఆక్సిజన్‌లో తెలుస్తుంది. పింగాణీ చిన్నతనంలో గట్టిపడ్డాక మళ్లీ మారదు. చచ్చింది ఎక్కడైనా, పెరిగింది ఎలాంటి నేల మీదో పన్ను చెబుతుంది.

డీఎన్ఏ విద్యతో మన హైదరాబాద్‌కు పాత సంబంధం ఉంది. ఇక్కడి జీవశాస్త్ర పరిశోధన సంస్థ సీసీఎంబీలో శాస్త్రవేత్త లాల్జీ సింగ్ 1988లో డీఎన్ఏ ఫింగర్ ప్రింటింగ్‌ను దేశంలో నిలబెట్టాడు. అదే సంస్థ తోడ్పాటుతో పంజాబ్‌లోని అజ్నాలా బావి గుట్టు వీడింది. 2014లో అక్కడ గుట్టలుగా ఎముకలు బయటపడ్డాయి. దేశ విభజన నాటివని కొందరు, 1857లో చంపేసిన 26వ బెంగాల్ పటాలం సిపాయిలవని కొందరు వాదించారు. 282 మంది సిపాయిలు అలా చనిపోయారని అప్పటి దొర కూపర్ తన పుస్తకంలోనే రాసుకున్నాడు. 50 పళ్ల డీఎన్ఏ, 85 పళ్ల ఐసోటోపులు పరీక్షించి, చనిపోయినవాళ్లు పంజాబీలు కారని, గంగా మైదానం వాళ్లని 2022లో తేల్చారు.

గమనించండి, అక్కడ తేలింది చచ్చినవాళ్లెవరో. చంపినవాణ్ని పట్టివ్వడం ఈ శాస్త్రానికి అంత సులువు కాదు. 1888 నాటి లండన్ జాక్ ద రిప్పర్ దొరికాడని 2019లో ఒక శాలువా మీది డీఎన్ఏ చూపించారు. ఆ శాలువా హత్య జరిగినచోట దొరికిందనడానికే రుజువు లేదు. పైగా మైటోకాండ్రియా గుర్తు వేలమందికి ఒక్కటే ఉండొచ్చు. శాస్త్రం బలం వస్తువు ఎక్కడినుంచి, ఎలా వచ్చిందన్న దాని మీద ఆధారపడుతుంది.

అజ్నాలాలోనూ ఔత్సాహికులు శాస్త్రీయ పద్ధతి లేకుండా తవ్వడంతో చాలా ఎముకలు విరిగి కలగాపులగమయ్యాయి. తాండూరు చుట్టూ నాపరాళ్ల గనులు తవ్వుతూనే ఉంటారు. పాత ఎముకో పుర్రో తగిలితే బయటికి లాగకండి, కడగకండి, పక్కకు విసిరేయకండి. ఉన్నచోటే వదిలి పోలీసులకు చెప్పండి. ఇంటికి చేరని ఏ బాటసారిదో ఆ వాంగ్మూలం.