నాలుగు కాళ్ల చేప - ఒక గ్రంథ విమర్శ

సీలకాంత్ అను చేప కథను జె. ఎల్. బి. స్మిత్ ‘ఓల్డ్ ఫోర్‌లెగ్స్’ అను గ్రంథమున 1956లో ప్రకటించెను. ‘నాలుగు కాళ్ల ముసలిది’ అని దీని భావము. 1938 డిసెంబరు 22న దక్షిణాఫ్రికాలోని ఈస్ట్ లండన్ రేవునకు పడవలో వచ్చిన ఒక వింత చేపను అచ్చటి మ్యూజియములో పనిచేయుచుండిన మార్జొరీ కోర్టెనే లాటిమర్ గుర్తించి భద్రపరచెను. సుమారు 7 కోట్ల సంవత్సరముల క్రిందటనే అంతరించినదని శాస్త్రజ్ఞులు తలచిన వంశమునకు చెందిన చేప అది! రెండవ చేపకై స్మిత్ 100 పౌన్ల బహుమతి ప్రకటించి 14 ఏండ్లు వేచియుండెను. 1952లో కొమొరో దీవులలో అది దొరకినది. ఆ నిరీక్షణను వర్ణించిన ప్రకరణములే ఈ గ్రంథమునకు ప్రాణము.

రెండవ చేపకు వీపుమీది మొదటి వాజము లేదు. అందుచేత స్మిత్ దానిని ‘మలానియా’ అను వేరు ప్రజాతిగా ఎంచెను. అది గాయమువలన కలిగిన లోపమేననియు, రెండు చేపలును ‘లాటిమేరియా’ ప్రజాతివే అనియు తరువాత తేలినది. ఒక్క నమూనాను చూచి ప్రజాతిని నిర్ణయించుట ఎంత ప్రమాదమో విద్యార్థికి తెలుపుటకు ఇంతకంటె మంచి ఉదాహరణము దొరకదు.

అసలు చిక్కు గ్రంథము పేరులోనే ఉన్నది. ‘నాలుగు కాళ్లు’ అనగానే, నేలపైకి ప్రాకి వచ్చిన మన పూర్వికుడు ఈ చేపయేనని విద్యార్థి తలచును. 1987లో హాన్స్ ఫ్రికె బృందము చిన్న జలాంతర్గామిలో దిగి చూడగా సీలకాంత్‌లు సముద్రపు అడుగున నడచుట కనబడలేదు. అవి ఈదుచు, ఎడమ ముందు వాజమును, కుడి వెనుక వాజమును ఒకేసారి కదలించుచుండెను. కదలికలో మాత్రమే నడకకు పోలిక కలదు.

కండగల వాజములున్న చేపలలో నేటికి మిగిలినవి సీలకాంత్‌లు, ఊపిరితిత్తుల చేపలు మాత్రమే. 2013లో సీలకాంత్ జన్యుపదార్థమును పరిశీలించగా, నాలుగు కాళ్ల జంతువులకు ఊపిరితిత్తుల చేపలే దగ్గరి చుట్టములని తేలినది. సీలకాంత్ మనకు తాత కాదు, దూరపు దాయాది. నేటి వర్గీకరణము ప్రకారము కప్ప, పిచ్చుక, మానవుడు కూడ కండవాజముల చేపల వంశములోని వారే.

ఈ సంగతులు 1956లో స్మిత్‌నకు తెలియవు. ఆ లోపమును ఆయనపై మోపరాదు. కాని ఆ పేరును నమ్మి నేడును అదే పాఠము చెప్పుట తగదు. తెలంగాణలోని మాలేరి శిలలలో సెరటోడస్ అను ఊపిరితిత్తుల చేపల దంతములు శిలాజములుగా దొరకినవి. ఉపాధ్యాయుడు వంశవృక్షమును బోధించునపుడు ఆ దంతములతో మొదలిడుట మేలు. స్మిత్ గ్రంథమును మాత్రము, ఒక శాస్త్రజ్ఞుని పట్టుదలను తెలిపెడు కథగా, ప్రతి విద్యార్థియు చదువదగును.