ఫిరదౌసి: తెలిసిన కథ, తెలియని కావ్యం

ఫిరదౌసి పేరు వినని తెలుగు విద్యావంతుడు అరుదు. అతని షాహ్‌నామాలో ఒక్క గాథనైనా ఆమూలాగ్రం చదివినవాడు కూడా అంతే అరుదు. దీనికి కారణం వెదకడానికి ఎంతో దూరం పోనక్కరలేదు. తెలుగువారికి ఫిరదౌసి గుర్రం జాషువా గారి ఖండకావ్యం ద్వారా పరిచయమైనాడు. 1932లో వెలువడిన ఆ కావ్యంలో గజనీ సుల్తాను మహ్మూద్ కోరికపై కవి మహాకావ్యం రచిస్తాడు. పద్యానికొక బంగారు నాణెం ఇస్తానన్న సుల్తాను, ముప్పై ఏండ్ల శ్రమ ముగిసిన తరువాత వెండితో సరిపెడతాడు. గుండె పగిలిన కవి నిందాపద్యాలు వ్రాసి వెళ్లిపోతాడు. పశ్చాత్తాపంతో సుల్తాను పంపిన బంగారం వచ్చేసరికి కవి లోకంలో ఉండడు. పాఠశాలల్లో ఈ పద్యాలు కంఠస్థం చేసిన తరాలున్నాయి. ముస్లిం విద్యార్థి కూడా చేశాడు, లోలోపల కొంత ఇబ్బంది పడుతూనే.

జాషువా గారి కావ్యం గొప్పదనడంలో సందేహం లేదు. అయితే దాని సత్యం జాషువా గారి సత్యం. పుట్టుక కారణంగా పండిత సభల్లో అవమానాలు దిగమింగిన కవి, తన వేదన మోయగల పాత్రను పారసీక దేశంలో వెదికి తెచ్చుకున్నారు. ఆ విధంగా చదివితే అందులో ఒక్క అక్షరం కూడా అబద్ధం కాదు. చిక్కు ఎక్కడంటే, దానిని చరిత్రగా స్వీకరించిన పాఠకుడు ఫిరదౌసిని చదివేశాననుకొని షాహ్‌నామా గడప తొక్కడం మానేశాడు.

చరిత్ర సంగతి కాలగణనతోనే తేలిపోతుంది. తూస్ సమీపంలోని ఒక గ్రామంలో దిహ్‌ఖాన్ కుటుంబంలో, అనగా చిన్న భూస్వాముల ఇంట, హి.శ. 329 (క్రీ.శ. 940) ప్రాంతంలో ఫిరదౌసి జన్మించాడు. అతనికి ముందే దఖీఖీ అనే కవి ఈ గాథలను పద్యాలుగా మలచడం ఆరంభించి, వేయి బైతులైనా పూర్తికాకముందో, అయిన వెంటనేనో తన బానిస చేతిలో హతుడైనాడు. ఫిరదౌసి ఆ బైతులను తన కావ్యంలో చేర్చుకొని, అవి ఎవరివో పేరు చెప్పి మరీ నిలిపాడు. పని మొదలైనది సుమారు క్రీ.శ. 977లో. మహ్మూద్ రాజ్యానికి వచ్చినది 998లో. అంటే సుల్తాను సింహాసనం ఎక్కేనాటికే కవి ఇరవై ఏండ్లుగా వ్రాస్తున్నాడు. ఖురాసాన్ ఆనాడు సామానీల ఏలుబడిలో ఉంది. గజనీ దర్బారు ఆజ్ఞతో షాహ్‌నామా పుట్టిందనే మాటకు ఇక తావెక్కడిది? కావ్యం ముగిసినది హి.శ. 400లో, అనగా 1010లో.

మనకు లభించే తొలి వివరమైన కథనం నిజామీ అరూజీ రచించిన ‘చహార్ మఖాలా’లో ఉంది. ఫిరదౌసి మరణించిన సుమారు నూట ముప్పై ఏండ్లకు వ్రాసిన గ్రంథమది. అందులో కూడా బైతుకొక దీనారు అనే ఒప్పందం లేదు. కూతురికి పెండ్లి కట్నం సమకూరుతుందనే ఆశ ఉంది. అసూయాపరులు కవిని రాఫిజీ అని, ముతజిలీ అని నిందించడం ఉంది. చివరకు చేతికి వచ్చిన ఇరవై వేల దిర్హములను స్నానశాల పనివానికీ, పానీయం అమ్మేవానికీ పంచివేసి వెళ్లిపోవడం ఉంది. బంగారు వాగ్దానం తరువాతి శతాబ్దాల పీఠికలు పెంచి పోషించిన మొక్క. సుల్తానుపై వ్రాసినట్లు చెప్పే నిందాకావ్యాన్ని పంక్తి పంక్తిగా పరిశీలించి, అందులో అధికభాగం అతుకుల బొంత అని నిరూపించిన ఖ్యాతి హాఫిజ్ మహ్మూద్ షీరానీ గారిది. ఈ విషయంలో షిబ్లీ నుమానీ గారి ‘షేరుల్ అజమ్’ కంటే షీరానీ గారి వ్యాసాలే గట్టివి.

ఇదంతా మహ్మూద్‌ను ఉదారుడని నిరూపించడానికి కాదు. కవికి తగిన ఆదరణ దొరకలేదన్నది కావ్యంలోనే అక్కడక్కడ వినబడే మాట. అయితే ఒక సుల్తాను పిసినారితనం ఇస్లాం మీద ఆక్షేపణ కాదు, దానిని సమర్థించడం ముస్లిం పాఠకుని విధి కూడా కాదు.

రెండవ అడ్డంకి ఇంతకంటే బలమైనది. అది మదర్సా నుండి వస్తుంది. మక్కాలో నజర్ బిన్ హారిస్ అనే ఖురైషీ నాయకుడుండేవాడు. హీరా నగరానికి పోయి పారసీక రాజుల గాథలు నేర్చుకొని వచ్చాడు. దైవప్రవక్త (స) ఉపదేశం ముగించి లేవగానే అదే చోట కూర్చొని, ‘ఇంతకంటే మంచి కథలు నేను చెబుతాను రండి’ అన్నట్లుగా రుస్తుం, ఇస్ఫందియార్‌ల కథలు వినిపించేవాడని సీరత్ గ్రంథాలు చెబుతున్నాయి. లుఖ్మాన్ సూరాలోని ఆరవ ఆయతు ఇతని గురించేనని కొందరు ముఫస్సిర్ల అభిప్రాయం. అటువంటప్పుడు, నజర్ చెప్పిన కథలనే యాభై వేల బైతులలో చెప్పిన కవిని ముస్లిం ఎందుకు చదవాలి?

ఈ ప్రశ్నను తేలికగా తోసిపుచ్చరాదు. అయితే నజర్ నేరం కథ చెప్పడం కాదు, దైవవాణికి బదులుగా కథను నిలబెట్టడం, దారి తప్పించడానికి దానిని వాడుకోవడం. ఫిరదౌసి తన కావ్యాన్ని ప్రాణాన్నీ వివేకాన్నీ ప్రసాదించిన ప్రభువు నామంతో ఆరంభించాడు. పారసీకం చదివే మదర్సా విద్యార్థి చేతికి ‘బోస్తాన్’ రాక మానదు. అందులో షేఖ్ సాదీ ఫిరదౌసి బైతునొకదానిని పేరు చెప్పి ఉదహరించి, అతని సమాధిపై రహ్మత్ కోరాడు. తబరాన్ బోధకుడొకడు రాఫిజీ అనే నెపంతో శవాన్ని ముస్లిం శ్మశానంలోకి రానివ్వలేదనీ, అందువల్ల కవిని సొంత తోటలోనే ఖననం చేశారనీ నిజామీ అరూజీ వ్రాశాడు. నాటి బోధకుని పేరు ఎవరికీ గుర్తు లేదు.

ఇంతకూ నజర్ చెప్పిన రుస్తుం ఎటువంటివాడో తెలియదు. ఫిరదౌసి చెప్పిన రుస్తుం మాత్రం బలాన్ని నమ్ముకొని బోల్తాపడిన మనిషి. సోహ్రాబ్ గాథ ఒక్కటి చూస్తే చాలు.

వేటలో గుర్రం పోగొట్టుకున్న రుస్తుం సమన్‌గాన్ నగరానికి వస్తాడు. రాజకుమారి తహ్మీనాను పెండ్లాడి, పుట్టబోయే బిడ్డకోసం గుర్తుగా ఒక పూస ఇచ్చి మరునాడే వెళ్లిపోతాడు. కొడుకు సోహ్రాబ్ తండ్రిని వెదుక్కుంటూ తూరాన్ సైన్యంతో బయలుదేరుతాడు. తండ్రిని ఇరాన్ సింహాసనం మీద కూర్చోబెట్టాలని అతని కల. తండ్రీకొడుకులు ఒకరినొకరు గుర్తించరాదని తూరాన్ రాజు అఫ్రాసియాబ్ పన్నాగం. ఇంతవరకు విధి అనవచ్చు. ఆ తరువాత జరిగేది విధి కాదు, మనుషుల పని. రుస్తుంను గుర్తుపట్టగలిగిన ఒకే ఒక్కడు, సోహ్రాబ్ మేనమామ, చీకటిలో రుస్తుం పిడిగుద్దుకే చనిపోతాడు. ఇరాన్ గుడారాలు ఎవరెవరివో చెప్పమంటే బందీ అయిన హజీర్ అందరి పేర్లూ చెప్పి, రుస్తుం పేరు మాత్రం దాచిపెడతాడు, వీరుణ్ణి కాపాడుతున్నాననే నమ్మకంతో. నీవు రుస్తుమేనా అని కొడుకు సూటిగా అడిగితే తండ్రి కాదంటాడు. యుద్ధం ఆపి కూర్చుందామని కొడుకు బతిమాలితే వినడు. సోహ్రాబ్ అతన్ని పడగొట్టి బాకు ఎత్తినప్పుడు, మొదటిసారి పడినవాణ్ణి చంపకపోవడం తమ ఆచారమని అబద్ధమాడి బయటపడతాడు. మళ్లీ కలబడి తాను పడగొట్టగానే మాత్రం ఆ ఆచారం గుర్తుకు రాదు. బాకు దిగిపోతుంది. ప్రాణం పోతూ ఆ కుర్రవాడు బెదిరించేది ఎవరి పేరుతో? నా తండ్రి రుస్తుం నిన్ను వదలడు అని.

ఇంకా ఒక మెట్టు మిగిలి ఉంది. గాయాన్ని మాన్పగల మందు రాజు కైకావూస్ వద్ద ఉంది. తండ్రీకొడుకులు ఒకటైతే తన సింహాసనం నిలవదని అతడు ఇవ్వడు. ఎన్నోసార్లు తనను కాపాడిన వీరుని కొడుకుకు గుక్కెడు మందు ఇవ్వని రాజును ఇంత స్పష్టంగా చూపిన కావ్యాన్ని రాజస్తుతి అనగలమా? ఏలినవారి పేరుతోనే ఉన్న ఈ గ్రంథం ఏలినవారిని వదిలిపెట్టలేదు.

ఈ గాథ ముందు కొన్ని బైతులలో కవి మరణాన్ని గురించి ప్రశ్నిస్తాడు. అది దాద్ అయితే బీదాద్ ఏది అని తర్కిస్తాడు. అనువాదకునికి అసలు పరీక్ష ఇక్కడే. ‘దాద్’ను ధర్మం అంటే తెలుగు చెవికి ఇంపుగా ఉంటుంది, కాని కర్మఫలం, పూర్వజన్మ దాని వెంట నడిచి వస్తాయి. న్యాయం అంటే కోర్టు వాసన వేస్తుంది. ఉర్దూలో దాద్, ఫర్యాద్ వాడేవాడికి ఈ బాధ లేదు. తెలుగులో ఆ మాటను అలాగే ఉంచి, కథ చేతనే దాని అర్థం చెప్పించడం మేలు. కవి తన ముప్పై ఏడేండ్ల కుమారుణ్ణి పోగొట్టుకొని కావ్యం నడుమనే విలపించాడు. అప్పుడతనికి అరవై ఐదు. ఆ దుఃఖమే సోహ్రాబ్ గాథ అయిందని కొందరు వ్రాస్తుంటారు. గాథ అంతకుముందే వ్రాసి ఉండవచ్చు గనుక ఆ ముడి బిగించకపోవడమే ఉచితం.

సియావుష్ గాథ యూసుఫ్ (అ) వృత్తాంతం తెలిసిన పాఠకుణ్ణి వెంటనే ఆకట్టుకుంటుంది. అక్కడా రాణి వలపు, నిరాకరణ, చింపుకున్న వస్త్రాలు, అపనింద ఉన్నాయి. భేదమేమంటే సియావుష్ అగ్నిపరీక్షలో నెగ్గినా పరాయిదేశంలో అన్యాయంగా హతుడవుతాడు. యూసుఫ్ (అ) చెర నుండి అధికారానికి వెళ్లారు.

షాహ్‌నామాలో అంగీకరించలేని అంశాలు లేకపోలేదు. రాజరక్తంలో దైవతేజస్సు ఉంటుందనే భావన కావ్యమంతటా పరచుకొని ఉంది. వంశాన్ని కొలబద్దగా పెట్టే దృష్టి తౌహీదు బోధించిన సమానత్వంతో పొసగదు. ఖాదిసియా ఘట్టంలో పారసీక సేనాని అరబ్బులను ఈసడించే మాటలున్నాయి. అయితే అవి ఓడిపోనున్న సేనాని నోట పలికినవి, అదే ఘట్టంలో హజ్రత్ సఅద్ (ర) సమాధానం కూడా ఉంది. ఒక్క లేఖను చించి తెచ్చి కవి మతాన్ని తేల్చేవారు రెండవ లేఖను కూడా చదవాలి. షాహ్‌నామాలో అరబీ పదమే లేదని గర్వపడేవారి మాట కూడా నిజం కాదు. అవి వందల సంఖ్యలో ఉన్నాయి.

దక్కనుకు ఈ కావ్యం కొత్త కాదు. బహ్మనీ సుల్తానులు తమ వంశాన్ని ఇస్ఫందియార్ కొడుకు బహ్మన్‌తో కలిపి చెప్పుకున్నారు. ఆ రాజ్యస్థాపకుని కొలువులో ఇసామీ 1350లో ‘ఫుతూహుస్సలాతీన్’ను ఫిరదౌసి బాటలోనే రచించాడు. బీజాపూర్‌లో నుస్రతీ ‘అలీనామా’తో దక్కనీకి వీరకావ్యం ఇచ్చాడు. ఇరాన్‌లో కాఫీ దుకాణాల నఖ్ఖాల్‌లు చేతికర్ర ఊపుతూ రాత్రుల తరబడి ఈ గాథలు చెప్పేవారు. సోహ్రాబ్ చనిపోయే రాత్రి, కథకుణ్ణి ఆపమని సొమ్ము ఇవ్వజూపిన శ్రోతలుండేవారట. ఆ కళ అంతరించిపోయే స్థితికి రావడంతో 2011లో యునెస్కో దానిని సత్వర సంరక్షణ జాబితాలో చేర్చింది.

తెలుగులోకి ఈ గాథలను తేవాలంటే జాషువా గారి వృత్తాల ఠీవి పనికిరాదు. షాహ్‌నామా ముతఖారిబ్ ఛందస్సు పొట్టిది, గుర్రపు నడక వంటిది. పాదానికి పదకొండు అక్షరాలు, రెండు పాదాలకు భావం పూర్తి. దానికి దగ్గరి చుట్టం ద్విపద. పల్నాటి వీరుల కథ నడిచినది ఆ ఛందస్సులోనే. సోహ్రాబ్ గాథను, దర్బారు బంగారం ఊసు లేకుండా, ద్విపదలో మొదలుపెట్టవచ్చు.