తునికాకు తెలిసిన చేతులు

సోలాపూర్ కొంతం చౌక్ చుట్టుపక్కల మగ్గం పేరు మగవాళ్లకు దక్కింది. ఇల్లు నిలబెట్టిన బీడీల పని మాత్రం మన అవ్వలది. తెలంగాణ నుంచి వలస వచ్చిన పద్మశాలి ఇళ్లలో ఆ చేతులు చూడాలి. నానబెట్టిన తునికాకును కొలతకు కత్తిరించి, చిటికెడు పొగాకు పరిచి, చుట్టి, దారం కట్టి, మొన మడవడం చూపు తిప్పకుండానే సాగిపోతుంది. ఒడిలో చాట, చుట్టూ ఇరుగుపొరుగు. ఎవరింట్లో పెళ్లి, ఎవరికి జ్వరం, ఎవరికి అప్పు కావాలి, అన్నీ అక్కడే తేలేవి. ఆ పొగాకు దుమ్ము వాళ్ల ఊపిరితిత్తులకు చేసిన చెరుపునూ మరవకూడదు. అయినా వాళ్లు వీధికెక్కి అడిగారు, సాధించారు. సీపీఎం నేత నర్సయ్య ఆడం మాస్టర్ నాయకత్వంలో పోరాడి, సోలాపూర్ దగ్గరి కుంభారిలో కమ్యూనిస్టు నాయకురాలు గోదూతాయి పరులేకర్ పేరిట 10,000 ఇళ్ల కాలనీ కట్టించుకున్నారు. 2006లో ప్రధాని మన్మోహన్ సింగ్ చేతుల మీదుగా ఆ ఇళ్లు దక్కింది బీడీలు చుట్టిన ఆడవాళ్లకే.