జన్యువు ముందా, కూడు ముందా? షుగర్ వైద్యంలో కొత్త మాటపై ఒక విమర్శ

మనిషి జన్యువుల తీరును బట్టి షుగర్‌కు మందు ఇవ్వాలన్న మాట ఈమధ్య బాగా వినబడుతున్నది. పరిశోధనా సంస్థలు, మందుల కంపెనీలు దీన్ని రేపటి వైద్యంగా చూపెడుతున్నాయి. మేము ఈ శాస్త్రాన్ని కాదనడం లేదు. కానీ ఏ జ్ఞానమైనా ఎవరి చేతిలో ఉన్నది, ఎవరి ఒంటి మీద పనిచేస్తున్నది అని అడగడం దళిత దృక్పథానికి మొదటి మెట్టు. ఆ ప్రశ్నను శ్రీరాంపూర్ బొగ్గుబాయిల దగ్గర నిలబడి అడుగుతున్నాం.

ముందు ఒప్పుకోవాల్సింది ఒప్పుకుందాం. పుట్టిన కొద్ది నెలలకే షుగర్ వచ్చే పిల్లల్లో కొందరికి ఒకే ఒక జన్యువులోని మార్పు కారణమని 2004లో తేలింది. అట్లాంటి 49 మందికి ఇన్సులిన్ సూదులు మాన్పించి మామూలు గోలీలు ఇచ్చి చూస్తే, 44 మంది ఆ గోలీల మీదనే నిలబడ్డారని 2006లో ప్రచురించారు. జన్యువు తెలిస్తే వైద్యం చవకైంది, సూది పోటు తప్పింది. ఇది నిజమైన మేలు.

అయితే మన వాడల్లో, బాయి కాలనీల్లో కనబడే షుగర్ చాలావరకు ఆ రకం కాదు. రెండో రకం షుగర్‌లో వందల జన్యు స్థానాలు తలా కొంచెం పాలు పంచుకుంటాయి. వాటిలో బలమైనదిగా చెప్పే టిసిఎఫ్7ఎల్2 జన్యువుకు భారతీయుల్లోనూ షుగర్‌తో సంబంధం ఉన్నదని హైదరాబాద్‌లోని సిసిఎంబి శాస్త్రవేత్తలు 2007లో చూపించారు. ఆ జన్యువు తీరును బట్టి కొన్ని గోలీలు కొందరికి తక్కువ పనిచేస్తాయన్న పరిశోధన కూడా అదే ఏడాది స్కాట్లాండ్ నుంచి వచ్చింది. కానీ ఆ తేడా ఒక్కదాన్నే చూసి రోగికి మందు రాసే దశకు వైద్యం ఇంకా రాలేదు. పైగా 2018 నాటికి ఇట్లాంటి జన్యు అధ్యయనాల్లో పాల్గొన్నవాళ్ళలో నూటికి 78 మంది యూరప్ మూలాలవాళ్ళే. వాళ్ళ కొలతతో కుట్టిన అంగీ మనకు సరిపోతుందని ఎవరు పూచీ ఇస్తారు?

ఇక కులం సంగతి. 2001లో విశాఖపట్నం ప్రాంతపు కులాల మీద వచ్చిన జన్యు అధ్యయనంలోనూ, 2009లో సిసిఎంబి, హార్వర్డ్ శాస్త్రవేత్తలు కలిసి ప్రచురించిన అధ్యయనంలోనూ మాల, మాదిగల నెత్తురు నమూనాలు ఉన్నాయి. కులం లోపలి పెళ్ళిళ్ళ ముద్ర జన్యువుల్లో పడిందని 2009 అధ్యయనం చెప్పింది. అంతర్వివాహమే కులానికి మూలమని అంబేద్కర్ 1916లోనే, ఏ యంత్రమూ లేకుండా, కొలంబియా విశ్వవిద్యాలయంలో వాదించారు. ప్రయోగశాల ఆయన వెనకాల వచ్చింది. ఈ ముద్రకు వైద్య ప్రయోజనం కూడా ఉన్నది. వైశ్యుల్లో కొందరికి ఆపరేషన్‌కు ముందిచ్చే, కండరాలను సడలించే ఒక రకం మందు ప్రమాదకరమన్నది తెలిసిన ఉదాహరణ.

మా అభ్యంతరం ఇక్కడే మొదలవుతుంది. అది ఒక్క జన్యువు లోపం. షుగర్ అట్లాంటిది కాదు. మాలకొక గోలీ, మాదిగకొక గోలీ, రెడ్డికొక గోలీ అనడానికి శాస్త్రంలో ఆధారం లేదు. కులం పేరు రక్తపరీక్ష కాదు. కులాన్ని పెళ్ళి కట్టుబాటుగా కాక ఒంటి స్వభావంగా చూడడం మొదలైతే, మనువు తలుపులోంచి పోయి కిటికీలోంచి లోపలికి వచ్చినట్టే. నెత్తురు ఇచ్చిన మాల, మాదిగ వాడలకు ఆ పరిశోధనల నుంచి తిరిగి వచ్చిన వైద్యం ఏమిటన్న ప్రశ్న కూడా మిగిలే ఉన్నది.

జన్యువు ఒక్కటే మాట్లాడదని మన దగ్గరి అధ్యయనమే చెప్తున్నది. 1987-90 మధ్య హైదరాబాద్ చుట్టుపక్కల పల్లెల్లో గర్భిణులకు, చిన్నపిల్లలకు అదనపు పోషకాహారం అందింది. ఆ పల్లెల పిల్లలు పదమూడు నుంచి పద్దెనిమిదేళ్ళ వయసుకు వచ్చాక చూస్తే, ఆ తిండి అందని పల్లెల పిల్లలకన్నా కొంచెం పొడుగ్గా ఉన్నారు. వాళ్ళ ఒంట్లో ఇన్సులిన్‌కు లొంగని గుణం తక్కువగా ఉన్నది. ఇది 2008లో ప్రచురితమైంది. తల్లి కడుపులో ఉన్నప్పటి కూడు కూడా షుగర్‌ను నిర్ణయించేదాంట్లో ఒకటన్నమాట. తరతరాల ఆకలి కులం పంచిన ఆకలే కదా!

శ్రీరాంపూర్‌కు వద్దాం. తట్టా చెమ్మస్ పట్టుకొని బాయిలోకి దిగిన ఫిల్లర్లలో దళితులు, వెనుకబడిన కులాలవాళ్ళు ఎందరో. ఇప్పుడు యంత్రాలొచ్చినయి గాని షిఫ్టులు పోలేదు. వారం వారం మారే డ్యూటీ నిద్రను, తిండి వేళను తారుమారు చేస్తది. రాత్రి డ్యూటీలకు షుగర్‌కు సంబంధం ఉన్నదని లోకమంతటా పరిశోధనలు చెప్తున్నాయి. గోలీ మింగి, తినకుండా బాయిలోకి దిగినోనికి షుగర్ పడిపోతే ఏం గావాలె? అతని మందు నిర్ణయించేటప్పుడు జన్యువు కన్నా ముందు షిఫ్టు అడగాలి, సద్దిలో ఏమున్నదో అడగాలి. పర్మనెంట్ కార్మికునికి ఉన్న వైద్య హక్కులు కాంట్రాక్టు కార్మికునికి అదే తీరుగా లేవన్నది కూడా గుర్తుంచుకోవాలి.

జన్యువు నిజంగా పనికొచ్చే చోటు ఇదే జిల్లాల్లో ఉన్నది, దాన్ని మాత్రం ఎవరూ గట్టిగా మాట్లాడరు. ఆదిలాబాద్ గోండు, కోలాం గూడేల్లో సికిల్‌సెల్ ఉన్నది. అది ఉన్నవాళ్ళలో, దాన్ని మోసేవాళ్ళలో కూడా, మూడు నెలల షుగర్ లెక్క చెప్పే హెచ్‌బిఎ1సి పరీక్ష ఉన్నదానికన్నా తక్కువ చూపించవచ్చు. జి6పిడి లోపం ఉన్నవాళ్ళకూ అంతే. కాగితం మీద షుగర్ బాగానే ఉంటది, కాలి పుండు మాత్రం మానదు. దీనికి కోట్ల రూపాయల జన్యుపటం అక్కరలేదు. ఒక చవక రక్తపరీక్ష, తిన్నాక తినకముందు షుగర్ చూడడం, చూసే డాక్టరుకు ఈ ఎరుక ఉంటే చాలు.

చివరగా హక్కు. పదివేల మంది భారతీయుల జన్యు సమాచారాన్ని జీనోమ్ ఇండియా పేరుతో పరిశోధకులకు 2025 జనవరిలో తెరిచారు. జన్యువును చూసి ఉద్యోగంలో, ఆరోగ్య బీమాలో వివక్ష చూపరాదని అమెరికా 2008లోనే చట్టం చేసింది. మన దగ్గర అట్లాంటి ప్రత్యేక చట్టం లేదు. మెడికల్ ఫిట్‌నెస్ మీద బతుకు ఆధారపడ్డ బాయి కార్మికుని జన్యు కాగితం యాజమాన్యం చేతికి పోతే అది వైద్యమా, వేటా?

కనుక మేము అడిగేది ఇది: చట్టం ముందు రావాలి, నమూనా తర్వాత ఇవ్వాలి. ఫలితం నెత్తురిచ్చినవాళ్ళకు వాళ్ళ భాషలో తిరిగి రావాలి. పరిశోధన ప్రశ్నలు రాసేచోట దళిత, ఆదివాసీ పరిశోధకులు కూర్చోవాలి. షుగర్‌ను పెద్దోళ్ళ రోగమని మనవాళ్ళు ఇంకా అంటుంటారు. బాబాసాహెబ్ తన చివరి ఏళ్ళను ఆ రోగంతోనే గడిపారు. అది మన రోగం కూడా. దాని వైద్యం ఎట్లుండాలో చెప్పే హక్కు కూడా మనదే.